సిగరెట్ పెట్టె బొమ్మలు

స్కూల్ నుంచి ఫోన్. అవతలావిడ గబగబా మాట్లాడిన ఇంగ్లీషులో చంద్రికకి అందినవి ఇంతే: దేవ్, సిగరెట్, వెంటనే రండి.

కొడుకు దేవ్‌కి ఏడేళ్లు.

చంద్రిక పరుగెత్తి మొగుడు ఫణి పుస్తకాల అరలోంచి రేకు డబ్బా తీసింది. నూరేళ్ల కిందట సిగరెట్ పెట్టెల్లో పెట్టి అమ్మిన అట్టముక్కలు. ఎక్కడో పాత సామాన్లలో ముచ్చటపడి కొన్నాడు. అన్నిటి మీదా ఒకే నాటకాల నటి. ఒకదాంట్లో రాణి, ఒకదాంట్లో రెక్కలు కట్టుకుని దేవకన్య. వెనకాల సిగరెట్ కంపెనీ పేరు. పైనుండాల్సిన కార్డు లేదు.

ఫణి ఫోన్ ఎత్తలేదు. పై అపార్ట్‌మెంట్‌లో ఉండే అంకితకి చేసి సంగతి చెప్పింది.

"స్కూల్‌కి సిగరెట్ బొమ్మ పంపించావా? నీకేమన్నా పిచ్చా చందూ?"

"నేను పంపలేదే. వాడే బ్యాగ్‌లో వేసుకుపోయాడు."

"అదంతా వాళ్లు వినరు. ఒక పిల్లాడు లైటర్ తీసుకెళ్లాడని ఇంటికే వచ్చి చెక్ చేశారంట."

"చేసి?"

"పేరెంట్స్ సరిగ్గా చూసుకోవట్లేదంటే పిల్లల్ని తీసుకెళ్లిపోతారే ఇక్కడ. అసలే వీసా మీద ఉన్నాం. ఇంట్లో ఇంకా ఉన్నాయా అవి?"

చంద్రిక ఫోన్ పెట్టేసింది. చెత్తలో వేస్తే దొరుకుతాయి. కార్డులన్నీ ముక్కలు ముక్కలుగా చించి, కూరల తొక్కలు నలిగే సింక్ గొట్టంలోకి తోసి, నీళ్లు వదిలి స్విచ్ నొక్కింది. నటి ముఖమున్న ముక్క ఒకటి అంచుకి అతుక్కుని పోనంది. చెంచా కాడతో లోపలికి నెట్టింది.

"నా బిడ్డని నాకిస్తే చాలు," అని పైకే అనేసింది.

స్కూల్ ఆఫీసులో దేవ్ కాళ్లూపుతూ కూర్చుని ఉన్నాడు. పక్కన ప్రిన్సిపాల్, తలనెరిసిన లైబ్రేరియన్.

"మా ఇంట్లో ఎవరూ తాగరు," అంది చంద్రిక నిలబడే, వచ్చిన ఇంగ్లీషులో. "ఇంట్లో ఇంకేం లేవు. కావాలంటే వచ్చి చూసుకోండి."

ప్రిన్సిపాల్ అయోమయంగా చూశాడు. "దేవ్ ఏ తప్పూ చేయలేదమ్మా. మిమ్మల్ని కలవాలన్నది ఈవిడ."

లైబ్రేరియన్ అరచేతిలో ఆ కార్డు ఉంది. మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"కిందున్న పేరు చూసి పోల్చుకున్నాను. మా అమ్మమ్మ. ఇల్లు కాలిపోయినప్పుడు ఆవిడ ఫొటో ఒక్కటీ మిగల్లేదు. వాళ్లమ్మ ముఖం మళ్లీ చూడాలని మా అమ్మ పోయేదాకా తపించింది. నేనైతే అసలు చూడనే లేదు. ఇన్నాళ్లకి ఇది దొరికితే, ఇందులో ముసుగేసుకుంది. కళ్లే కనిపిస్తున్నాయి."

దేవ్ కుర్చీ దిగి వచ్చి తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"మమ్మీ, మన బాక్స్‌లో ఫేస్ కనిపించేవి చాలా ఉన్నాయ్ అని మేడమ్‌కి చెప్పాను. తెచ్చావా?"