మేతలో కలిపిన రంగు

సొంత ఇంట్లో, లాప్‌టాప్ ముందు, శశికాంత్ మాస్కు పెట్టుకుని కూర్చున్నాడు.

"కాస్త దగ్గుగా ఉందండి. టెస్ట్ రిజల్ట్ ఇంకా రాలేదు."

"మంచి పని చేశారు," అన్నాడు తెర మీద మేనేజర్ భాస్కర్ రావు. ఇద్దరూ తెలుగువాళ్ళని తేలాక ఇంటర్వ్యూ తెలుగులోకి దిగింది.

దగ్గు అబద్ధం. ఆ గొంతు కూడా శశికాంత్‌ది కాదు. లాప్‌టాప్ వెనక సరిగ్గా మీటరున్నర దూరంలో కూర్చున్న, ఈ రంగంలో పండిపోయిన రవీంద్రనాథ్‌ది. ఆ లాక్‌డౌన్ చలికాలంలో ఇంటికి ఒక్క అతిథినే రానిచ్చేవారు. శశికాంత్ రూలు తప్పే మనిషి కాదు. ఒక్కరినే పిలిచాడు.

పిలవక ఏం చేస్తాడు? కరోనా దెబ్బకి డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగం ఊడింది. పదకొండు రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే జర్మనీలో ఉండనిచ్చే బ్లూ కార్డు పోతుంది. ఈ కంపెనీ సాల్మన్ చేపల పెంపకానికి సాఫ్ట్‌వేర్ చేస్తుంది. రెజ్యూమె ప్రకారం శశికాంత్‌కి అందులో అయిదేళ్ళ అనుభవం. సాల్మన్‌ని చెరువులో కాదు, సముద్రంలో పెంచుతారని ఆయనకి ఆ పొద్దునే తెలిసింది.

"మన రైన్ నదిలో సాల్మన్ ఏమైందండీ?" అడిగాడు భాస్కర్ రావు.

"ఒకప్పుడు లక్షల్లో పట్టేవారండి. ఆనకట్టలు, ఫ్యాక్టరీల మురుగు వచ్చి కనుమరుగైంది. తర్వాత నార్వేవాళ్ళు తీరంలో వలలు కట్టి పెంచడం మొదలుపెట్టారు."

భాస్కర్ రావు కళ్ళు మూసుకుని వింటున్నాడు. జవాబుతో పాటే ఆయన పెదాలూ కదులుతున్నాయి. ప్రతి ముక్కా సరిచూస్తున్నాడనుకుని శశికాంత్ మాస్కు లోపల చెమటతో తడిసిపోయాడు.

"పెంచిన చేపకి గులాబీ రంగెలా వస్తుంది?"

"మేతలో కలుపుతారండి."

"కొనేవాళ్ళు కనిపెట్టరా?"

"కోసి చూసినా కనిపెట్టలేరండి."

భాస్కర్ రావు కళ్ళు తెరిచాడు. "శశికాంత్ గారూ, ఒక్కసారి మాస్కు తీయండి."

వంటగది గుమ్మంలో భార్య సంయుక్త "అయిపాయె" అని గొణిగింది. శశికాంత్ మాస్కు తీశాడు.

"మాఫ్ చెయ్యుండ్రి సార్. పిల్లలున్నరు..." మొదటిసారి అసలు గొంతు బయటికొచ్చింది.

భాస్కర్ రావు లేచి, తన గది తలుపు వేసొచ్చి, గొంతు తగ్గించాడు.

"సోమవారం చేరిపోండి. ఆ పక్కనున్న రవీంద్రనాథ్ గారికి నా నమస్కారాలు చెప్పండి, మూడేళ్ళ కిందట నా ఫోన్ ఇంటర్వ్యూలోనూ ఈ జవాబులన్నీ చెప్పింది ఆయనే."