కింది ఇంటి వేడి

చలిదేశపు పట్నం పెర్నిక్‌లో మా అపార్ట్‌మెంట్లన్నిటికీ వేడి ఒకే గొట్టంలోంచి వస్తుంది. ఇష్టం లేనివాళ్లు తమ ఇంట్లో హీటర్లు కట్టేసుకుని బిల్లు తప్పించుకోవచ్చు. ఈ మేడ కట్టిన మహానుభావుడు సిమెంటు దగ్గర పొదుపు చేశాడు గనక, పక్కింటి వేడి, పక్కింటి పోట్లాట అందరికీ సమానంగా అందుతాయి.

చక్రాల కుర్చీలో ఉండే బోయాన్‌కి పింఛను మందులకే చాలదు. హీటర్లన్నీ కట్టేశాడు. చలి తగిలితే అతని కాళ్లు కొయ్యబారిపోతాయి. కింది ఇంటి మిల్కా వేడి పైకెక్కబట్టే బతుకుతున్నాడు. అందుకే ఆవిడ వారం వారం వచ్చి తిట్టినా పడేవాడు.

ఆ ఆదివారం కూడా వచ్చింది. వంగి నేల మీద అరచెయ్యి ఆనించి చూసింది.

"దొంగ వెధవా! నా డబ్బుతో కాళ్లు కాచుకుంటున్నావా? ఇవాళే కట్టేస్తా, చూస్కో!"

"అంత పని చెయ్యకు పిన్నీ. కూర్చో, టీ తాగుదువుగాని."

"టీ తాగుతూ కూర్చుంటే ఊరి బస్సు వెళ్లిపోతుంది."

"ఏ ఊరు? నువ్వుండేది కిందే కదా?"

"ఆ కొలిమిలో మనిషన్నవాడు ఉంటాడా? మొదటి మంచు పడ్డప్పటినుంచీ ఊళ్లో మా చెల్లెలింట్లోనే ఉంటున్నా."

"మరి హీటర్లెందుకు వేసి ఉంచావు?"

మిల్కా తలుపు దగ్గర ఆగింది.

"కట్టేస్తే నిన్నేమని తిట్టనురా?"