ముందు వెళ్లే ట్రక్కు

పదహారేళ్ల బ్రిన్ పేరు కూడా చేరిస్తే కారు ఇన్సూరెన్స్ ప్రీమియం రెట్టింపవుతుందని ఏజెంట్ లవోన్ చెప్పింది. తల్లి డానెట్ చేతిలోని పెన్ను కాగితం మీదే ఆగిపోయింది.

వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేసే మనిషికి అది అయ్యే పని కాదు.

కారు లేకపోతే బడి లేదు. నెబ్రాస్కాలో ఆ మొక్కజొన్న పొలాల మధ్య ఇల్లు అద్దెకు తీసుకుని వాళ్లు దిగింది ఆ ఎండాకాలమే. బడి పద్నాలుగు మైళ్లు. ఆ దారిన ఏ బస్సూ తిరగదు.

కారు అమ్మేసి, పిల్లను ఒమాహా నగరంలో తన అక్క దగ్గర పెట్టి చదివించక తప్పేలా లేదంది డానెట్.

"నేను నిన్నొదిలి ఎక్కడికీ పోనమ్మా" అని, తగ్గించుకునే దారేదైనా ఉందా అని బ్రిన్ ఏజెంటునే అడిగింది.

ఉందంది లవోన్. మంచి మార్కులకు కొంత, డ్రైవింగ్ క్లాసుకు కొంత తగ్గిస్తారు. ఆ రెండూ బ్రిన్‌కు ఉన్నాయి గానీ అవి ఏ మూలకూ చాలవు. అసలు తగ్గింపు మూడోదానిలో ఉంది. అగ్గిపెట్టంత పరికరం కారులో తగిలిస్తారు. తొంభై రోజులు అది కనిపెట్టుకుని ఉంటుంది. వేగం మీరినా, బ్రేకు గట్టిగా తొక్కినా తగ్గింపు పోయినట్టే.

"తొంభై రోజులేగా" అంది బ్రిన్.

మొదటి రోజే ఆమెకు శని పట్టుకుంది.

మలుపు దగ్గర పాత ఆకుపచ్చ ట్రక్కొకటి రోడ్డెక్కి ఆమె ముందు నడవసాగింది. యాభై అయిదు మైళ్ల వేగంతో వెళ్లగలిగే దారిలో నలభై దాటదు. రైళ్లు తిరగడం ఎప్పుడో మానేసిన పట్టాల దగ్గర కూడా పూర్తిగా ఆగి, అటూ ఇటూ చూసుకుని మరీ కదులుతుంది. నడిపే ముసలాయన అద్దంలో చూస్తూ ఒక వేలెత్తి పలకరిస్తాడు. ఆ పక్క అందరి పలకరింపూ అంతే. బ్రిన్ మాత్రం బదులివ్వలేదు.

పొద్దున అంతే, సాయంత్రం అంతే.

పావుగంట ముందు బయల్దేరి చూసింది. ఆయన అప్పటికే మలుపులో ఇంజను ఆన్ చేసుకుని కూర్చున్నాడు. శవయాత్ర వెనకాల వస్తున్నావా అని క్లాసులో ఏడిపించారు.

"ఆ ముసలాయనకి వేరే పనేం లేదా అమ్మా?"

"ఎంత కావాలంటే అంత తిట్టుకో. బ్రేకు మాత్రం తొక్కకు" అంది డానెట్.

నలభై ఏడో రోజు ఓపిక నశించింది. మిట్ట ఎక్కుతుండగా దాటేద్దామని కారు పక్కకు తీసింది. ట్రక్కు కూడా మెల్లగా రోడ్డు మధ్యకు జరిగి అడ్డం పడింది.

బ్రిన్‌కు ఒళ్లు మండిపోయింది. అయినా పళ్లు బిగించి, బ్రేకు జోలికి పోకుండా, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి వెనక్కి తగ్గింది.

అంతలో మిట్ట అవతల నుంచి, దాదాపు రోడ్డంతా తానే అయి, కోత మిషను ఎదురొచ్చింది.

ఆ రోజు కూడా ఆమె ఆయన్ని పలకరించలేదు. కోపం దిగడానికి వారం పట్టింది.

గడువు ముగిసిన మర్నాడు, పోనీలే పాపం, ఇవాళ తనే ముందు చెయ్యెత్తుదామనుకుంది. మలుపు ఖాళీగా ఉంది. ఆ మర్నాడూ అంతే.

మూడో రోజు లవోన్ కాగితం తీసి చూపించింది. తొంభై రోజుల్లో గట్టి బ్రేకు ఒక్కటీ లేదు. పూర్తి తగ్గింపు. కారు ఉంటుంది, పిల్ల ఇంట్లోనే ఉంటుంది. డానెట్ ఆ కుర్చీలోనే కూర్చుని ఏడ్చేసింది.

ఇందులో తన గొప్పేమీ లేదని నవ్వుతూ బ్రిన్ ట్రక్కు సంగతి చెప్పింది. మూడు రోజులుగా అది కనిపించడం లేదంది.

లవోన్ ముఖం వాడిపోయింది. ఆయన పేరు ఎల్డన్ క్రూస్ అనీ, నిద్రలోనే పోయాడనీ, శనివారం చర్చిలో అంత్యక్రియలనీ చెప్పింది.

ఒక్క రోజైనా ఆయన వైపు సరిగా చూడనందుకు బ్రిన్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

"రోజూ ఎక్కడికి వెళ్లేవాడండీ?" అని అడిగింది.

"ఎక్కడికీ లేదమ్మా, నువ్వు బడి లోపలికి వెళ్లేదాకా చూసి ఇంటికి తిరిగొచ్చేవాడు, బడి వదిలే వేళకు మళ్లీ వెళ్లేవాడు" అని చెప్పి లవోన్ ఇంకో మాట కలిపింది.

"ఆ రోడ్డు మీద పిల్లలే లేరని బడి బస్సు తీసేసేదాకా ముప్పై రెండేళ్లు దాన్ని నడిపింది ఆయనే; మళ్లీ ఒక పిల్ల వచ్చిందని తెలిసి డ్యూటీలో చేరాడు."