కొంగ దొర పొగ తనిఖీ

"పొగ కొలిచే దొరగారు వస్తున్నారహో" అని వీధి చివర కాకి కేక వేసింది.

కోడి గవరమ్మకి ప్రాణం లేచొచ్చింది. నాలుగు రోజులుగా ఆవిడ చిన్నపిల్ల దగ్గి దగ్గి గింజ ముట్టడం లేదు మరి. పక్క దొడ్డిలో కోతి రంగన్న రోజూ ఎండాకులు తగలబెడుతుంటే ఆ పొగంతా వీళ్ళింట్లోకే. ఆకులు కాల్చకూడదు, గోతిలో వేసి ఎరువు చేయాలని రాజుగారి ఉత్తర్వు ఉండనే ఉంది.

వచ్చిన కొంగ దొరకి తన తెల్లరెక్కలంటే మహా ప్రీతి. మసి అంటకుండా గాలి వచ్చే వైపున నిలబడి, "పొగ ఏదమ్మా, హాయిగా ఉందే" అని రాసేసుకున్నాడు.

గవరమ్మ వాదనకి దిగలేదు. "ఎండన పడి వచ్చారు, నాలుగు మెతుకులు తిని వెళ్ళండి బాబూ" అని తన గుమ్మంలోనే ఆకు వేసింది. రెండో ముద్దకే దొరకి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"కూరలో కారం ఎక్కువైందా తల్లీ?"

"కూరలో కారమే లేదండి. మేం రోజూ తినేది ఈ పొగే."

దొర తిన్నగా రంగన్న దగ్గరికి వెళ్ళాడు. "ఉత్తర్వు వినలేదుటోయ్?"

"విన్నానండి. గొయ్యి తవ్వమన్నారు గానీ, కొమ్మలు పట్టుకునే ఈ చేతులతో ఎలా తవ్వను?"

ఉత్తర్వు రాసినవాళ్ళెవరూ ఆ సంగతి ఆలోచించలేదు. దొర రాసుకున్నది కొట్టేసి, సర్కారు పని మీద అడవిపందిని పిలిపించాడు. పంది మూతితోనే పొద్దు వాలేలోపు పెద్ద గొయ్యి తీసింది. రంగన్న మంట ఆర్పి ఆకులన్నీ అందులోకి ఊడ్చాడు.

పొగ విరిగాక గవరమ్మ అందరికీ విస్తళ్ళు వేసింది. పంది, కోతి, కొంగ వరసగా కూర్చున్నారు. అందరికంటే ముందు ముద్ద మింగి, "ఇంకా పెట్టమ్మా" అన్నది చిన్నపిల్లే.