నాలుగున్నర గంటల దూరం

తలుపు మూయబోతుండగా పక్క సీటు ముసలాయన కిటికీ దగ్గర్నుంచి చటుక్కున లేచాడు.

దిల్‌మాన్ కాలు తొక్కుకుంటూ వెళ్ళి విమానం తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. అక్కడున్న సిబ్బందితో ఏదో గొణిగాడు.

దిల్‌మాన్ చెల్లెలికి ఇందాకటి మాటే ఫోన్లో మళ్ళీ చెప్పాడు.

"కౌలాలంపూర్ నుంచి ఖాట్మండు నాలుగున్నర గంటలే, మైలీ. తమ్ముడి శవపెట్టె ఈ విమానంలోనే వస్తోంది. వాడి ముఖం చూసేదాకా ఆమాను ఎలాగైనా నిలబెట్టు."

"సాయంత్రం దాటదంటున్నాడు డాక్టరు. త్వరగా రా, దాయీ."

తమ్ముణ్ణి చేతి తొడుగుల ఫ్యాక్టరీలో యంత్రం లాగేసుకుంది. ఆ కబురుకే ఆమా, వాళ్ళ తల్లి, పడిపోయింది.

పది నిమిషాలయింది. ఇరవై అయింది. విమానం కదల్లేదు.

"తాత మందు సీసా కొట్లో మరిచిపోయాడు కాబోలు," అన్నాడొకడు.

"సీసా కాదు, పెళ్ళాన్ని," అన్నాడు ఇంకొకడు.

నవ్వులు కాస్తా బూతులయ్యాయి.

దిల్‌మాన్ లేచి వెళ్ళి ముసలాయన కాలరు పట్టుకున్నాడు.

"కదులు."

"కాసేపు, బాబూ. కాసేపే."

"నీ కాసేపులో మా అమ్మ ప్రాణం పోతుందిరా."

పిడికిలి మూతి మీద పడింది. పన్ను ఊడి చొక్కా మీద రాలింది.

విమాన సిబ్బందిలోని అమ్మాయి అడ్డం వచ్చింది. "కొట్టకండి, ఆయన మీ..."

"వద్దమ్మా. చెప్పొద్దు," అన్నాడు ముసలాయన నెత్తురు మింగుతూ.

వెనకనుంచి ఇంకో ఇద్దరు వచ్చిపడ్డారు. ఒకడు డొక్కలో తన్నాడు. ఒకడు బెల్టు తీశాడు.

ఆయన చెయ్యెత్తలేదు. కిందపడినా తలుపు చట్రాన్ని రెండు చేతులతో కరిచిపట్టుకున్నాడు.

దిల్‌మాన్ ఆ వేళ్ళ మీద బూటు మడమతో తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది.

అయినా పట్టు వదల్లేదు.

కిందనుంచి ఎవరో చెయ్యి ఊపారు. అప్పుడు వదిలాడు.

"ఇక బయల్దేరండి, బాబూ," అంటూ తూలుకుంటూ దిగిపోయాడు.

లోపల చప్పట్లు మోగాయి.

"నీ దెబ్బకే కదిలింది, దాయీ," అని ఒకడు దిల్‌మాన్ చేతిలో బీరు డబ్బా పెట్టాడు. దిల్‌మాన్ తాగాడు కూడా.

ఖాట్మండులో ఇంకా ఎండ ఉంది. సరుకుల గేటులోంచి చెక్కపెట్టె బయటికి వచ్చింది.

మైలీ ఎదురుగా పరుగెత్తుకొచ్చింది. "ఆమా ఉంది, దాయీ. కళ్ళు తెరిచే ఉంది. పద."

గేటు ఉద్యోగి పెట్టె అప్పగిస్తూ అన్నాడు. "అదృష్టవంతుడివి. రెండు రావాలి. ఒకదానికే చోటుందని నీ తమ్ముణ్ణి కిందే వదిలేశారు. అక్కడి వాళ్ళు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పారు."

"మరి ఎలా వచ్చింది?"

"నీ పక్కనాయన కిటికీలోంచి చూశాడట. ఫోన్లో నీ మాటలు విని ఉన్నాడు కదా, పెట్టెలు మార్చేదాకా తలుపు మూయనివ్వలేదట."



"మార్చడమేమిటి?" అంది మైలీ.

"ముందు ఎక్కించిన దాన్ని దింపి దీన్ని పెట్టమన్నాడమ్మా. అలా దింపించింది ఆయన సొంత కొడుకుని."