దిన్నె మీద మంచు ఎత్తిన మనిషి

దిన్నె మీద ఎవడో పార ఆడిస్తున్నాడు.

ప్రకోపీ పరుగెత్తాడు. ఆ దిన్నె కింద, ఏనాడూ కరగని నేలలో తవ్విన కొట్టు అతను కిందటేడే కొన్నాడు. వేసవంతా లేనా నది ఒడ్డు ఊళ్లకు అమ్మవలసిన చేపలు, గుర్రపు మాంసం అందులోనే ఉన్నాయి.

"ఏయ్ ముసలోడా! కన్నం వేస్తున్నావా?"

ముసలివాడు తిరిగాడు. చీమిడి మీసాల మీదే గడ్డకట్టింది. కోటు చేపనూనె కంపు. పార పట్టిన చేతికి రెండు వేళ్లు లేవు.

ప్రకోపీ రెండడుగులు వెనక్కి వేశాడు.

"కన్నం కాదు నాయనా. మంచు ఎత్తేస్తున్నా."

"కొట్టు చల్లగా ఉంటుందని నేనే నాలుగు బండ్లు పోయించాను. తియ్యడానికి నువ్వెవడివి?"

"మీ ఇంటి గోడల చుట్టూ మంచు ఎందుకు పోశావు?"

"వెచ్చగా ఉండటానికి. పసిపిల్లల్నడిగినా చెబుతారు."

"ఇంటికి వెచ్చన ఇచ్చే మంచు కొట్టుకు చలువ చేస్తుందా? ఎత్తేస్తే చలి నేలలోకి దిగుద్ది. వేసవులు మునుపట్లా లేవు. అడుగున నేల కరిగి పక్కూరి బడి సగం కుంగిపోయింది, చూళ్లేదా?"

"ఈ చాకిరీకి ఏమిమ్మంటావు?"

"ఏమీ వద్దు."

ఊరికే చాకిరీ చేసేవాడిని ప్రకోపీ ఏనాడూ నమ్మలేదు.

"ముందు ఇక్కణ్ణించి కదులు! నీ కంపు నా సరుక్కి అంటుకుంటుంది."

ముసలివాడు పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ప్రకోపీ పంతానికి ఇంకో రెండు బండ్ల మంచు పోయించాడు.

జులైలో వాసన మొదలైంది.

మూత తీసి, ముక్కు మూసుకుని నిచ్చెన దిగాడు. మోకాలిలోతు నల్లనీళ్లు. పొట్టలు పగిలిన చేపలు కాళ్లకు తగులుతున్నాయి. మాంసం జిగట పట్టింది. చేపలే కాదు, గోడలూ కంపే. ఎప్పటివో గడ్డివేళ్లు మట్టిలోంచి బయటపడి కుళ్లుతున్నాయి.

భళ్లున వాంతి చేసుకున్నాడు.

"మార్ఫా!" పైనున్న భార్యను కేకేశాడు. "ఆ ముసలోడెక్కడున్నాడో కనుక్కో. ఏదైనా ఉపాయం చెబుతాడేమో!"

"ఎవరూ, దిన్నె మీదాయనా? వసంతంలోనే పోయాడట. అంగట్లో అనుకున్నారు. ఏటా వచ్చి మంచు ఎత్తిపోయేవాడట, ఎవరూ పిలవకుండానే."

"ఎందుకట?"

"నువ్వడిగావా, నేను అడగడానికి?"

ఎదుటి గోడ మీది మంచుపెచ్చు ఊడి నీళ్లలో పడింది.

దాని వెనక, ఈ కొట్టు తవ్వినవాడు పని ముగించి తడిమట్టి మీద అద్దిన అరచేతి ముద్ర, బురదై జారిపోతూ కనిపించింది: వేళ్లు మూడే.