డాక్టరు వచ్చే వేళ

“అయ్యా, జర ఇటు రాండ్రి. వాడు వస్తాండు!”

అనసూయమ్మ కేక విని, వంటింట్లో జావ చల్లారుస్తున్న సౌమ్య పరుగెత్తుకొచ్చింది. వరంగల్ కొత్తవాడలోని ఆ మేడమీది ఇంట్లో ఆమె పనికి కుదిరింది ఈ వారమే. మతిమరుపు జబ్బుతో ఉన్న అనసూయమ్మను పగలంతా కనిపెట్టుకొని ఉండటం ఆమె పని.

టీవీలో ఏదో పాత నలుపు తెలుపు సినిమా నడుస్తోంది. తెల్లకోటు వేసుకున్న డాక్టరు సిరంజిలోకి మందు ఎక్కిస్తున్నాడు. ఒత్తయిన జుట్టు, సన్నని మీసం, రెప్ప వేయని కళ్లు. మంచం మీది రోగి వద్దని వేడుకుంటున్నాడు. పెదవులకూ మాటలకూ పొంతన లేదు. గోడ మీద మైకు నీడ కూడా కనిపిస్తోంది. అయినా ఆ డాక్టరు నవ్వు చూస్తే సౌమ్యకే ఒళ్లు జలదరించింది.

అనసూయమ్మ, తన పిలుపుకు దగ్గరగా జరిగిన ముసలాయన చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆయన ఆమె భర్త కిషన్ రావు. ఒకప్పుడు జంపఖానాల దుకాణం నడిపిన మనిషి.

“ఏం జెయ్యడు. నేనున్న గద,” అన్నాడాయన.

“మందని జెప్పి చంపుతాండు. మంచోని లెక్క నవ్వుతడు. వాని సంగతి మీకు తెల్వది.”

“నాకు తెల్వకపోవుడేంది,” అని ఆయన ఆమె చేతిమీద తట్టాడు.

సూది రోగి చేతిని తాకబోతుండగా ఆయన రిమోట్ నొక్కి సినిమా ఆపేశాడు.

“మిగతది చూడరా తాతా?” అడిగింది సౌమ్య.

“వద్దు. చచ్చిపోయేది చూస్తె ఏడుస్తది.”

“అసలెక్కడి సినిమా ఇది?”

“మన వరంగల్లనే తీసిండ్రు బిడ్డా, మూతపడ్డ దవాఖానల. అండ్ల రక్తమంతా బెల్లంపాకమే. ఈగలు ముసిరి షూటింగ్ ఆగిపోయేది. ఊరంతా ఎగబడి చూసింది షూటింగు. సినిమా మాత్రం పదిమంది గూడ చూడలే.”

మరునాడు మధ్యాహ్నం కిషన్ రావు నెట్‌లో పెట్టింది అదే సినిమా, అదే కేక. ఆ తర్వాతి రోజూ అంతే. పొద్దుటి నుంచి కిటికీలోంచి చూస్తూ నెమ్మదిగా కూర్చునే మనిషిని, ఈయన పనిగట్టుకొని వణికిస్తున్నాడు. పైగా ఆ వేళకు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని మరీ వచ్చి కూర్చుంటున్నాడు. సౌమ్యకు అది నచ్చలేదు.

వాళ్ల కూతురు, కింద గాజుల దుకాణం నడిపే పద్మలతకు చెప్పేసింది.

“అక్కా, తాత కావాలనే అమ్మమ్మను భయపెడ్తాండు.”

పద్మలత చేతిలోని గాజుల డబ్బా మూత పెట్టింది. “బాపుకు ఆ సినిమా అంటే పానం. గని అమ్మకు బీపీ ఉన్నది. నువ్వన్నది నిజమే, బంద్ చేద్దాం.”

సాయంత్రం ఆమె వచ్చి టీవీకి నెట్ తీసేసింది. తండ్రి చూస్తూనే ఉన్నాడు.

మరునాడు సినిమా లేదు. కిషన్ రావు కుర్చీ లాక్కొని మంచం పక్కన కూర్చున్నాడు. అనసూయమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. కొంగు సర్దుకొని గోడ వైపు జరిగింది.

“ఎవరయ్యా నువ్వు? ఆడోళ్లున్న అర్రలకు వచ్చి కూసుంటవేంది? మా ఆయన వస్తె ఊకోడు. పో అవతలికి!”

సౌమ్య తెల్లబోయింది. వాళ్లిద్దరూ చేతులు పట్టుకొని కూర్చోవడమే ఆమె ఇన్నాళ్లూ చూసింది.

కిషన్ రావు లేచి కుర్చీని వరండాలోకి తెచ్చుకున్నాడు. “చాయ్ నువ్వియ్యి బిడ్డా. నేనిస్తె తాగది,” అన్నాడు లోపలికి చూడకుండా.

అప్పటినుంచి రోజూ ఇదే తంతు. ఆ వేళకు గుమ్మం దాకా వస్తాడు. అనసూయమ్మ తల తిప్పి చూడగానే వెనక్కి మళ్లుతాడు. ఇస్త్రీ చొక్కా వేసుకోవడం కూడా మానేశాడు.

ఒక మధ్యాహ్నం అనసూయమ్మ నిద్రపోయాక, సౌమ్య వరండాలోకి వచ్చి ఆయన పక్కన కింద కూర్చుంది.

“తాతా, అమ్మమ్మ మిమ్మల్ని గుర్తుపట్టదా?”

“ఆ గుర్తు ఎప్పుడో పోయింది బిడ్డా. బిడ్డెను గుర్తుపడ్తది. పక్కింటోళ్లను పేరు పెట్టి పిలుస్తది. నన్నే మరిచింది.”

“మరి సినిమా వచ్చినప్పుడు పిలుస్తది గద?”

“అప్పుడు గూడ నేనెవరో తెల్వది. భయమైతది. పక్కన ఎవరుంటె వాళ్ల చెయ్యి పట్టుకుంటది. పక్కకు నేను కూసుంట.” ఆయన అరచేయి తెరిచి చూసుకున్నాడు. “అది తప్పని నాకెరుకే బిడ్డా. గని ఆ జరసేపు చెయ్యి ఇడువది.”

సౌమ్య ఆయన వైపు జరిగింది. “వేరే సినిమాలు పెట్టి చూసిండ్రా?”

“అన్ని పెట్టిన. దయ్యాల సినిమాలకు నవ్వుతది. ఆ డాక్టరుకే భయపడ్తది. పెండ్లిగాక ముందు చూసిందట. ఆ మొఖమొక్కటే యాదికున్నది.”

“పద్మక్కకు నేను చెప్త తాతా. రేపు మళ్ల పెడదాం,” అంటూ సౌమ్య లేచింది. రెండడుగులు వేసింది కానీ మనసు ఒప్పలేదు. వెనక్కి తిరిగింది.

“ఇన్నేండ్లు కాపురం జేసిన మిమ్మల్ని మరిచిపోయి, గసొంటి చెడ్డోన్ని యాది పెట్టుకున్నదా తాతా?”

కిషన్ రావు పైపెదవి మీద సన్నని మీసం గీసినట్టు వేలితో రాసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

“వాడు గూడ నేనే బిడ్డా.”